గరిటె చెక్కితే కూలి, గోడకి తగిలిస్తే కళ: ఈ గీత ఎవరు గీశారు?

ఉదయగిరి దుర్గం కింద ఒక ఆడమనిషి చెక్కతో గరిటె చేస్తే దాన్ని సామాను అంటారు. అదే గరిటెని ఒక పట్నం పిల్లోడు కాలేజీలో నాలుగేళ్లు చదివి, వంద కలిపి గోడకి తగిలిస్తే 'ఇన్‌స్టలేషన్' అంటారు. మొదటిదానికి బేరం ఆడతారు, రెండోదానికి చప్పట్లు కొడతారు. చెక్క ఒకటే, ఉలి ఒకటే. తేడా యాడ వచ్చింది?

ఇదేదో పెద్దోళ్ల చర్చ, మనకెందుకులే అనుకోబాకండి. మన గూడూరుకి తూర్పున సముద్రం, పడమర వెలిగొండలు. ఆ కొండల పొడవునా, ఆ కొండల కింది ఊళ్లలో, చేత్తో చేసే పనులు ఇంకా ఊపిరితో ఉండాయి. ఆ ఇళ్లలో పిల్లకాయలు మాత్రం శ్రీసిటీలోనో, కృష్ణపట్నం పోర్టు కాడో షిఫ్టు డ్యూటీకి పోతా ఉండారు. పోవడం తప్పు కాదు. ఇంట్లో పని కూడు పెట్టకపోతే ఎవరైనా పోతారు. ఆ పని కూడు ఎందుకు పెట్టడంలేదు, పెట్టాలంటే ఏం మారాల అన్నదే ఈ వ్యాసం.

గీత పాతది కాదు

మన పెద్దోళ్లు చెప్పే అరవైనాలుగు కళల జాబితా ఎప్పుడన్నా పూర్తిగా చదివారా? పాట, ఆట, బొమ్మలు గీయడం మాత్రమే కాదు. అందులో వడ్రంగం ఉండాది. వంట ఉండాది. పేము, బెత్తంతో అల్లే పని గూడా ఉండాది. అంటే ఆ జాబితా రాసినోళ్లకి బొమ్మ గీసేవాడు ఒక ఎత్తు, తట్ట అల్లేవాడు ఒక ఎత్తు అన్న లెక్క లేదు. అయితే పని ఘనం అన్నంత మాత్రాన పని చేసేవాడిని ఘనంగా చూశారని కాదు. కులం అడ్డం వచ్చింది. చేతికి మట్టి అంటే పనులన్నీ కొన్ని కులాలకి అంటగట్టి, ఆ కులాలని ఊరి చివర కూర్చోబెట్టారు. గూడూరు సంతలో తట్టలు, చాటలు కొనేవాళ్లకి అవి అల్లిన ఎరుకల వాళ్ల చేతి నేర్పు కనపడదు, కులమే కనపడుద్ది.

దాని మీద ఇంకో గీత సర్కారు గీసింది. మద్రాసులో 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ పెట్టిన బడిలో మొదట చిత్రకళ, చేతిపనులు ఒకే కప్పు కింద నేర్పారు. స్వతంత్రం వచ్చినాక చూడండి. 1952లో చేతిపనులకి ఒక బోర్డు పెట్టారు. 1954లో చిత్రకళకి, శిల్పానికి లలిత కళా అకాడమీ పెట్టారు. ఇప్పుడు ఢిల్లీలో 'కళాకారుడి' ఫైలు సాంస్కృతిక శాఖలో తిరుగుద్ది, 'చేతిపనివాడి' ఫైలు జౌళి శాఖలో తిరుగుద్ది. ఒకడికి ఫెలోషిప్పు, ఇంకొకడికి అప్పు. ఒకడికి ఎగ్జిబిషను, ఇంకొకడికి ఎగ్జిబిషను గ్రౌండులో స్టాలు.

ఈ గీత ఎంత డొల్లదో మన పక్కన ఉండే మద్రాసే చూపించింది. 1966లో కె.సి.ఎస్. పణికర్, ఆయన కాడ నేర్చుకున్నోళ్లు కలిసి మద్రాసు శివారులో చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు. చదువుకున్న చిత్రకారులు, శిల్పులు వాళ్లు. బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో వాళ్లు బతికింది దేనిమీద? బాతిక్ గుడ్డలు, చేతిపని వస్తువులు చేసి అమ్ముకుని. అంటే 'కళ'కి అన్నం పెట్టింది 'పనే'. ఈ సంగతి ఎంతమందికి చెబుతున్నారు?

మన భాష విషయంలో గూడా ఇదే జరిగింది. ఇంట్లో మాట్లాడే తెలుగుని 'గ్రామ్యం' అని పక్కన పెట్టి, పుస్తకాల భాషే భాష అన్నారు. గిడుగు రామమూర్తి దాని మీద జీవితమంతా కొట్లాడాడు. ఆయనే పర్లాకిమిడిలో అయ్యవారుగా ఉంటా కొండల్లో సవరల భాష నేర్చుకున్నాడు, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఊళ్లో భాష భాషే అని మనం ఒప్పుకున్నాం. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మరి ఊళ్లో చేతిపని కళే అని ఒప్పుకోడానికి ఇంకా ఎందుకు మొహమాటం?

ఉదయగిరి చెక్క: ముద్ర వచ్చింది, మాను రాలేదు

ఉదయగిరి అంటే మనకి కోట గుర్తొస్తాది. గజపతుల చేతిలో ఉండే ఆ దుర్గాన్ని కృష్ణదేవరాయలు నెలల తరబడి చుట్టుముట్టి 1514లో పట్టుకున్నాడని బళ్లో చదివాం. ఆ కోట కిందే చెక్క పని ఉండాది. గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు, పళ్లేలు చేస్తారు. చేసేవాళ్లలో ముస్లిం కుటుంబాలు జాస్తి, అందులోనూ ఆడవాళ్లు జాస్తి. కొనల మీద చెక్కే నగిషీలో పారశీక పోకడ ఉందంటారు. దుర్గం చుట్టూ కొండల్లో దొరికే నర్ది, కలివి, బిక్కి, పాలబరికి లాంటి చెక్కలు దీనికి పనికొస్తాయి.

పని చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తాది. మానుని దుంగలుగా కోసి, వాటిని పలకలుగా చీల్చి, గరిటె ఆకారం గీసి, రంపంతో కోసి, ఉలితో గుంట తవ్వి, ఆకురాయితో అరగదీసి, ఉప్పు కాగితంతో రుద్దాల. పచ్చి చెక్కతో చేస్తే తర్వాత పగులుద్ది. పగుళ్లుండే చెక్క నోటికి పనికిరాదు. తినే వస్తువు గాబట్టి రంగు, వార్నీషు వెయ్యగూడదు, చెక్క నున్నదనమే దాని మెరుపు. ఏ చెక్కకి వాసన లేదు, ఏది వేడి కూరలో పెడితే వంగదు, నారు ఎటుపోతే ఉలి ఎటు తిప్పాల, ఇదంతా తరాల తరబడి చేతిలో నిలబడ్డ తెలివి. ఏ బడిలోనూ దొరకదు.

గిరాకీ లేదా అంటే ఉండాది. నాన్‌స్టిక్ పెనాలు వచ్చినాక ఇనప గరిటెతో గీకితే పూత లేచిపోద్దని ప్రతి ఇంట్లో చెక్క గరిటె కావాలంటున్నారు. ప్లాస్టిక్ వద్దనుకునేవాళ్లు చెక్క స్పూను అడుగుతున్నారు. మరి కష్టం ఎక్కడ?

ఉదయగిరి చెక్క సామానుకి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు, వచ్చింది. పేపర్లలో ఫొటోలు పడ్డాయి. జీఐ అంటే ఏందో, ఏది కాదో మన పిల్లకాయలు గట్టిగా తెలుసుకోవాల. ఆ చట్టం 1999లో చేసి 2003 నించి అమలు చేశారు. దాని ఆఫీసు చెన్నైలో ఉండాది. ఒక ప్రాంతం పేరుతో పేరుపడ్డ వస్తువుని వేరే చోట చేసి అదే పేరుతో అమ్మితే నేరం, అదీ దాని అర్థం. పదేళ్లకోసారి రెన్యువల్ చేయించాల. అంతే. జీఐ ధర పెంచదు. మాను తెచ్చివ్వదు. కొనేవాడిని పట్టుకురాదు. ఇంకో సంగతి ఏందంటే, సంఘం పేరు మీద ట్యాగు వస్తే సరిపోదు, చేసే ప్రతి మనిషీ 'అధీకృత వినియోగదారు'గా పేరు నమోదు చేయించుకోవాల. అప్పుడే ఆ గుర్తు తన సరుకు మీద వేసుకునే హక్కు వస్తాది. ట్యాగు వచ్చిందని సంబరం చేసేవాళ్లు ఈ రెండో మెట్టు గురించి చెప్పరు.

అసలు చిక్కు మాను కాడ ఉండాది. చెక్క అడవిలో ఉండాది, అడవి సర్కారుది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. తేనె, లక్క, వెదురు, పేము, మొద్దులు గూడా అందులో వస్తాయి. కలప మాత్రం రాదు. పైగా ఆ హక్కు గిరిజనులకి, లేదంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అడవి మీద బతికినట్టు రుజువు చూపించే ఇతరులకి. ఉదయగిరి పట్నంలో ఉండే చెక్కపని కుటుంబం ఈ లెక్కలో ఇమడటం కష్టం. దాంతో సర్కారే ఒక చేత్తో 'ఇది మన వారసత్వం' అని పత్రం ఇస్తాది, ఇంకో చేత్తో అదే వారసత్వానికి కావాల్సిన కొమ్మ తెచ్చుకుంటే కేసు పెట్టే చట్టం పట్టుకుని ఉంటాది.

అడవిని కొట్టెయ్యమని నేను అనటంలేదు. ఎర్రచందనం పేరుతో మన కొండల్లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. కావలసింది వేరే. ఈ పనికి పనికొచ్చే చెట్లని ఊరి పోరంబోకులో, చెరువు గట్ల మీద పెంచాల. కోతకొచ్చిన చెక్క డిపో నించి రేటు కట్టి ఇవ్వాల. ఇది ఉదయగిరి కష్టమే కాదు. కొండపల్లి బొమ్మలకి తెల్ల పొణికి కావాల, ఏటికొప్పాక బొమ్మలకి అంకుడు కావాల. మూడు చోట్లా చెయ్యి ఉండాది, పేరు ఉండాది, మానుకే వెతుకులాట. చెట్టు నాటకుండా చేతిపనిని కాపాడతామనేది నీళ్లు లేని కయ్యలో నారు పోసినట్టు.

సవర గోడ: దేవుడి ఇల్లు నించి ఎయిర్‌పోర్టు దాకా

ఇప్పుడు ఉత్తరాన కొండలకి పోదాం. సీతంపేట చుట్టూ, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో, ఒడిశా వైపునా సవరలు ఉంటారు. వాళ్ల ఇంటి లోపలి గోడని ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి కలిపిన తెల్లని నీళ్లతో, నలిపిన పుల్లతో బొమ్మలు వేస్తారు. ముందు ఒక చట్రం గీస్తారు. అది అలంకారం కాదు, ఇల్లు. ఎవరి కోసం బొమ్మ వేస్తున్నారో ఆ దేవుడో, పోయిన పెద్దో వచ్చి కూర్చునే ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్టు, ఏనుగు, గుర్రం, డప్పు కొట్టేవాళ్లు, నాట్లేసేవాళ్లు. జబ్బు చేసినప్పుడు, పంట వచ్చినప్పుడు, చావు తర్వాత, పూజారి చెప్పిన ప్రకారం వేస్తారు. కాలం మారే కొద్దీ ఆ చట్రంలోకి సైకిలు, విమానం గూడా ఎక్కాయి. వెరియర్ ఎల్విన్ 1951లో, 1955లో వేసిన పుస్తకాల్లో ఈ బొమ్మల గురించి వివరంగా రాశాడు.

'సంప్రదాయం అంటే మారనిది' అనేవాళ్లకి ఆ సైకిలే జవాబు. ఆ గోడ ఎప్పుడూ ఈనాటిదే. చూసింది గీశారు, భయపడింది గీశారు, కావాలనుకుంది గీశారు. పట్నంలో 'సమకాలీన కళ' అని దేన్ని అంటారో అదే ఇది.

ఇప్పుడు ఆ బొమ్మ గోడ దిగి గుడ్డ మీదికి, కాగితం మీదికి, చీరల మీదికి, ఆఫీసుల గోడల మీదికి వచ్చింది. ఇందులో లాభం ఉండాది, నష్టం ఉండాది. లాభం: కుర్రోళ్లకి నాలుగు డబ్బులు, పేరు. నష్టం: పూజ కోసం వేసిన బొమ్మకి అర్థం ఉండాది, కప్పు మీద అచ్చేసిన బొమ్మకి అర్థం ఉండదు. చాలా చోట్ల వార్లీ బొమ్మ వేసి కింద సవర అని రాస్తున్నారు. వార్లీ వాళ్లు మహారాష్ట్ర కొండలోళ్లు, వాళ్ల మనిషి బొమ్మ రెండు గట్టి త్రికోణాలు. సవర మనిషి బొమ్మ సన్నగా, పొడుగ్గా ఉంటాది. ఆ తేడా తెలియకుండా గోడలు నింపితే గౌరవం చేసినట్టు కాదు, ఇద్దరినీ అవమానించినట్టు.

కొండ మనిషి చేతిని కళగా ఒప్పుకుంటే ఏం జరుగుద్దో మధ్యప్రదేశ్ చూపించింది. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచారు. జె. స్వామినాథన్ అనే చిత్రకారుడు అక్కడ పట్నం చిత్రకారుల బొమ్మల్ని, ఆదివాసీల బొమ్మల్ని పక్కపక్కన పెట్టాడు, ఒకటి పైన ఒకటి కింద కాదు. ఆ భవనం కట్టేటప్పుడు కూలికి వచ్చిన భిల్లు ఆడమనిషి భూరీ బాయి చేతికి కాగితం, రంగులు ఇచ్చి, మీ ఇంటి బొమ్మలు వెయ్యమన్నాడు. ఆమెకి 2021లో పద్మశ్రీ వచ్చింది. పాటన్‌గఢ్ అనే గోండు ఊరి నించి జంగఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రోణ్ణి పిలిచారు. అతని బొమ్మలు 1989లో పారిస్ దాకా పోయాయి. అతని బాటలో ఒక ఊరు ఊరే చిత్రకారులైంది. మన ఆదిలాబాద్ గోండులకి వాళ్లు చుట్టాలే.

కథ అక్కడితో ఆపితే సగం చెప్పినట్టు. అదే జంగఢ్ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తా, ఊరికి, మనుషులకి దూరంగా, అక్కడే ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి నలభై గూడా నిండలేదు. పేరు వచ్చినంత మాత్రాన మనిషికి అండ వచ్చినట్టు కాదు. ఒప్పందం కాగితం ఏ భాషలో ఉండాది, వెనక్కి రావాలంటే ఎవరిని అడగాల, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఇవన్నీ కళ గురించిన ప్రశ్నలే.

చట్టంలో మనకేం ఉండాది?

ఇది రొంత ఓపిగ్గా చదవండి. డబ్బులు పోయేది ఈడే.

1957 కాపీరైట్ చట్టం 'కళాకృతి' అంటే బొమ్మ, శిల్పం, ఫొటో అని మాత్రమే అనలేదు. 'కళాత్మకమైన చేతిపని'ని గూడా అందులోనే చేర్చింది. అంటే పైన మనం చెప్పుకున్న గీతని చట్టమే చెరిపేసింది, ఆఫీసులే ఇంకా గీస్తా ఉండాయి. కాపీరైట్ పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నువ్వు సొంతంగా గీసిన నిమిషంలోనే హక్కు నీది. నీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటాది. తాతల నాటి నమూనా ఒక్కడిది కాదు, అది అందరిదీ. దాన్ని తీసుకుని నువ్వు వేసిన కొత్త బొమ్మ మాత్రం నీదే.

ఒక మెలిక ఉండాది. రిజిస్టర్ చెయ్యదగిన డిజైన్ని రిజిస్టర్ చెయ్యకుండా, యంత్రం మీద 50 కంటే ఎక్కువ ముక్కలు తియ్యనిస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోద్ది. కాబట్టి ఏదన్నా కంపెనీ వచ్చి 'నీ బొమ్మ టీషర్టుల మీద వేస్తాం' అంటే ముందు డిజైన్ రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకో, తర్వాతే ఫొటో పంపు.

ఇంకో సెక్షను ఉండాది, 53ఏ. నీ అసలు బొమ్మని ఒకడు కొని, తర్వాత పదివేల రూపాయలు దాటిన ధరకి ఇంకొకడికి అమ్మితే, అందులో 10 శాతం మించకుండా వాటా అడిగే హక్కు నీకుండాది. అడిగితేనే వస్తాది. అడగాలంటే ఆ బొమ్మ నీదని రుజువుండాల. అందుకే బొమ్మ వెనక పేరు, ఊరు, తేదీ రాయి. ఫొటో తీసి పెట్టుకో. మన కొండల్లో పేరు రాసుకోవడం గొప్పలు చెప్పుకున్నట్టని సిగ్గుపడతారు. పేరు రాయకపోతే బొమ్మ కింద 'గిరిజన కళ' అని ఉంటాది, అమ్మినవాడి పేరు మాత్రం బిల్లు మీద ఉంటాది.

సర్కారు పథకాల్లో గూడా చూసి అడుగు వెయ్యాల. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 పనులు ఉండాయి. వడ్రంగి, తట్ట, చాప అల్లేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు ఉండారు. పనిముట్లకి 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా అప్పు. ఇంటికి ఒకరికే. గోడ మీద బొమ్మలు వేసే సవర కుర్రోడికి, తోలుబొమ్మలు చేసేవాళ్లకి ఆ 18లో పేరు పెట్టి చోటు లేదు. నిమ్మలకుంట తోలుబొమ్మల దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ఇచ్చిన దేశమే, ఆ పనిని పథకం జాబితాలో రాయడం మర్చిపోయింది.

ధర ఎట్టా కట్టాల?

'ఇంత చిన్న గరిటెకి అంత రేటా?' అనే మాట విని విని చేసేవాళ్లే ధర తగ్గించి చెబుతున్నారు. లెక్క చూద్దాం. 2025-26కి మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. మాటకి ఒక మనిషి రోజుకి పది మంచి గరిటెలు చేసిందనుకో, మట్టి మోసే కూలితో సమానంగా లెక్కేసినా గరిటెకి 30 రూపాయల 70 పైసలు చేతికూలే అవుద్ది. దాని మీద చెక్క, కోతలో పోయే తుక్కు, పగిలిపోయే ముక్కలు, ఉప్పు కాగితం, బస్సు ఛార్జీ. ఇంకా నేర్పుకి పైసా వెయ్యలేదు. అంటే 40 రూపాయలకి గరిటె కావాలని గీసి గీసి అడిగేవాడు, తెలియకుండానే ఆ మనిషిని కూలి కన్నా కిందికి నెడతా ఉండాడు. వస్తువు పక్కన ఈ లెక్క రాసి పెట్టండి. సిగ్గుపడాల్సింది చేసినవాళ్లు కాదు.

ఏటికొప్పాక ఇంకో దారి చూపించింది. సీవీ రాజు అక్కడి లక్క బొమ్మలకి మళ్లీ చెట్ల నించి, గింజల నించి తీసిన రంగులు వేయించే పని మీద పడ్డాడు. పసిపిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ అన్న మాటే దానికి విలువ తెచ్చింది. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. పాత తెలివిని ఈనాటి అవసరానికి కలిపితే పని నిలబడుద్ది. పాత వస్తువుని అద్దాల బీరువాలో పెడితే నిలబడదు.

మన చేతిలో ఏముంది?

తమ్ముడూ, చెల్లీ, నీ చేతిలో ఫోనుండాది. మీ ఇంట్లో, మీ వీధిలో చేతిపని తెలిసిన పెద్దోళ్లు ఉంటే, వాళ్లు పని చేసేటప్పుడు మొదటి నించి చివరి దాకా వీడియో తియ్యి. పాట కలపబాక, వాళ్ల మాటే ఉండనియ్యి. ఏ పనిముట్టుని ఏమంటారో, ఏ చెక్కని ఏమంటారో వాళ్ల నోటితో చెప్పించు. ఆ మాటలు పోతే పని సగం పోయినట్టే. పెట్టే ముందు వాళ్లని అడుగు. వాళ్ల పేరు రాయి. సరుకు కావాల్సినోళ్లు ఫోను చేస్తే మధ్యలో కమీషను లేకుండా వాళ్లకే కలుపు.

జౌళి శాఖ ఇచ్చే చేతిపనివాళ్ల గుర్తింపు కార్డు మీ ఇంట్లో ఉందో లేదో చూడు. జీఐ వచ్చిన పనైతే అధీకృత వినియోగదారుగా నమోదైందో లేదో అడుగు. గ్రామసభ జరిగినప్పుడు రోడ్డు, లైటుతో పాటు చెట్ల మాట గూడా ఎత్తు. ఉపాధి హామీ పనుల్లో చెట్లు నాటినప్పుడు చేతిపనికి పనికొచ్చే మొక్కలు ఎందుకు పెట్టకూడదని అడుగు.

సర్కారుని అడగాల్సినవి మూడే. ఒకటి, చేతిపనికి చెక్క డిపో. రెండు, లేపాక్షి షాపులో ప్రతి వస్తువు మీద చేసిన మనిషి పేరు, ఊరు, ఆ మనిషికి ముట్టిన డబ్బు. మూడు, బళ్లో డ్రాయింగు పీరియడ్‌కి వారానికోసారైనా ఊళ్లో చేతిపని తెలిసిన మనిషిని అయ్యవారుగా పిలిచి, అయ్యవారికి ఇచ్చే జీతమే ఇవ్వడం. ఈ మూడోది జరిగిన రోజు, తట్ట అల్లే అమ్మ బళ్లో బోర్డు ముందర నిలబడిన రోజు, ఆమె బిడ్డ తలెత్తుకుని కూర్చుంటాడు. పనికి, కళకి మధ్య గీత చెరిపేది ఆ కుర్చీయే, మ్యూజియం కాదు.

అప్పుడు గూడా కొందరు పిల్లకాయలు షిఫ్టు డ్యూటీకే పోతారు. పోనియ్యండి. ఇంట్లో పని కూడు పెట్టదని తరిమేస్తే పోవడం వేరు, రెండు దారులుంటే ఒకటి ఎంచుకుని పోవడం వేరు. మనం అడిగేది ఆ రెండో దారి.